కుడిచేతివి, కొన్ని

గ్రిమ్స్‌బీలో, చేపల రేవు వెనక వీధిలో,
చనిపోయినవాళ్ళ ఇళ్ళు ఖాళీ చేయించి
వేలానికి జాబితా రాసే పని నాది.
నేర్పింది మ్యూరియల్ పాస్క్.
నోట్లో పిప్పరమెంటు, చెవి మీద పెన్సిలు.
మాట తప్పు పడితే మటుకు
మంచు కురిసినట్టు చూసేది.

"బల్లలు, మూడు, అని రాస్తావేం?
ఒకదాని కడుపులో ఒకటి దూరే బల్లల్ని
గూడు అనాలి పిల్లా. బల్లల గూడు.
చెంచాలూ ఫోర్కులూ పెట్టెతో సహా ఉంటే క్యాంటీన్.
బట్టల తాను అయితే బోల్ట్, తలుపు గడియకీ అదే పేరు.
మెట్లు మనం అమ్మం గానీ తెలిసుండాలి,
మెట్ల వరసని ఫ్లైట్ అంటారు."

ఎగరడమా, అన్నాను.
ఎవరికి తెలుసు, అంది
మోకాళ్ళు పట్టుకుని ఎక్కుతూ.

అప్పుడు నాకు పంతొమ్మిది.
బస్సులో ఇంటికెళ్తూ వల్లె వేసుకునేదాన్ని:
తాళాలకీ ద్రాక్షపళ్ళకీ ఒకటే గుత్తి,
పేకముక్కలకీ తోడేళ్ళకీ ఒకటే పేరు,
ముత్యాలకీ అబద్ధాలకీ ఒకటే దారం.
ఎవరో ఒకప్పుడు, చేతికందినవన్నీ దగ్గరికి లాగి
ఒక్క మాటతో మోపు కట్టి
భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

మ్యూరియల్‌కి గిట్టని మాట ఒక్కటే: క్వాంటిటీ.
పుస్తకాలు, క్వాంటిటీ. గిన్నెలు, క్వాంటిటీ.
"అది మాట కాదు,
చేతులెత్తేయడం."

నవంబరులో ఆల్బన్ క్రేక్ ఇల్లు.
ఐస్‌లాండ్ నీళ్ళలో, వల లాగే చక్రం
అతని కుడిచెయ్యిని మణికట్టు దాకా తినేసిందని
పక్కింటావిడ చెప్పింది టీ కలుపుతూ.
టీ మాకు కాదు, తనకే.

వంటింట్లో ఒక కప్పు.
ఒకటే గనక పేరక్కర్లేదు.
మంచం పక్క సొరుగు లాగాను, రాలేదు.
కాలు తన్నిపెట్టి మళ్ళీ లాగాను.

గ్లవ్స్.
తోలువి, ఉన్నివి, మోచేతి దాకా వచ్చే రబ్బరువి.
ఒకదానికి ఇంకా ధర చీటీ, పాత షిల్లింగుల్లో.
అన్నీ కుడిచేతివి.
అన్నీ కొత్తవి.

ప్రతి చలికాలం ఒక జత కొన్నాడు.
జతగా తప్ప అమ్మరు గదా.
ఎడమదాన్ని చిల్లు పడేదాకా వాడి పారేశాడు.
కుడిదాన్ని తెచ్చి
మడత నలక్కుండా ఇక్కడ పడుకోబెట్టాడు.

ముప్ఫై ఏడు. రెండుసార్లు లెక్కపెట్టాం.
జతలనడానికి లేదు.
డజన్లంటే ఒకటి మిగిలిపోతోంది.
మ్యూరియల్ చెవి మీంచి పెన్సిలు తీసింది.
గ్లవ్స్, కుడిచేతివి, ఒక
అని రాసి ఆగింది.
పిప్పరమెంటు పంటికి తగిలిన చప్పుడు వినిపించింది.
కింద వీధిలో చెత్తబండి వెనక్కి వెళ్తూ కూసింది.
గుంపు, అన్నాను. కాదంది.
దండు, అన్నాను. నా వంక చూడలేదు.

"లాటంటే తెలుసా నీకు?
వేలంలో వాటా. నుదుటి రాత కూడా అదే.
రెండిటికీ కలిపి ఒక్క మాట పెట్టారు, పిసినారులు."

తర్వాత రాసింది, క్వాంటిటీ అని.
చిన్న చిన్న అక్షరాలు,
పక్కవాడి పలకలో చూసి రాసినట్టు.

నాలుగు పౌండ్లకి పోయాయి.
హాలు మొత్తంలో ఒక్క చెయ్యే లేచింది,
రోలండ్ టాటర్సాల్‌ది. రైలుపట్టాల పక్కన
అతనికో కూరగాయల మడి ఉంది.

ఏప్రిల్లో రైల్లోంచి చూశాను.
బఠాణీ పాదుల నడుమ వెదురు కర్రలు,
కర్రకో కుడిచెయ్యి,
సముద్రపు గాలి దూరి వేళ్ళు ఉబ్బి.
బెదరాల్సిన పావురం ఒకటి
బొటనవేలి మీద కూచునుంది.
చేతులన్నీ పైకే ఉన్నాయి.
దేన్ని పాడుకుంటున్నాయో, ఎంతకో,
ఆ రైలు అక్కడ ఆగేది కాదు.

మ్యూరియల్‌కి చెప్పాను.
కాసేపు పెన్సిలు చెక్కుకుంది.
"ఉన్నివి వానకి ఆగవు," అంది.